మాతృభాషలో తల్లి ఎక్కడ?

సీతంపేట కొండల్లో ఒక చిన్న బడి. ఒకటి నుంచి అయిదు వరకు తరగతులన్నీ ఒకే గదిలో. గోడవార ఇద్దరు ఆడపిల్లలు కూర్చుని ఉన్నారు. ఇద్దరిదీ మూడో తరగతే, ఇద్దరూ సవర పిల్లలే. చదవడం ఎంతవరకు వచ్చిందో చూసే కాగితం నా చేతిలో ఉంది. ఇలాంటి కాగితాలు మీలో కొందరైనా చూసే ఉంటారు. ముందు కొన్ని అక్షరాలు, తర్వాత మాటలు, ఆ తర్వాత నాలుగు వాక్యాల పేరా, చివర్న ఒక బుల్లి కథ. ప్రథమ్ సంస్థ 2005లో మొదలుపెట్టిన 'అసర్' సర్వేతో దేశమంతా పరిచయమైన పద్ధతి ఇది. పిల్ల ఎక్కడ ఆగిపోతే దానికి ముందు మెట్టు దగ్గర టిక్కు పెట్టాలి.

మొదటి పిల్ల ఎక్కడా ఆగలేదు. కథ దాకా గడగడా చదివేసింది. "ఇందులో ఏముందమ్మా?" అని అడిగాను. నేల చూసింది. మళ్ళీ అడిగితే, చదవడంలో ఏదో తప్పు జరిగిందనుకుని మళ్ళీ మొదట్నుంచీ అంతే వేగంగా చదివింది. రెండో పిల్ల మాటల దగ్గరే ఆగిపోయింది. 'వాగు' అన్న మాటలో వా దగ్గర వేలు పెట్టి నా మొహం చూస్తోంది. ఆ బడిలో సవర వచ్చిన టీచరమ్మ ఒకామె ఉంది, ఆ ఊరి అమ్మాయే. ఆమె పక్కనే ఉన్న బొమ్మ చూపించి సవరలో ఏదో అంది. అంతే! ఆ పిల్ల లేచి నిలబడి, చేతులు తిప్పుతూ, గొంతు మారుస్తూ పావుగంట సేపు కథ చెప్పింది. ఒక కోతి, ఒక ముసలమ్మ, ఆవిడ దాచుకున్న దుంపలు. బడి బడంతా నవ్వింది. నవ్వని మనిషిని నేనొక్కదాన్నే, ఎందుకంటే అర్థం కానిది నాకొక్కదానికే.

నా కాగితంలో మొదటి పిల్లకు 'కథ' గడిలో టిక్కు పడింది. రెండో పిల్లకు 'అక్షరాలు' గడిలో పడింది. ఆ టిక్కులు పెట్టింది నేనే.

సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినదానికి ఈ లెక్కల పనేమిటని నా స్నేహితురాళ్ళు అడిగారు. పిల్లల చదువు మీద పనిచేస్తున్న ఒక బృందానికి తెలుగు విషయంలో సాయంగా వెళ్ళాను. వెళ్ళాక నాకు అర్థమైంది ఏమిటంటే, ఈ గడులు కొత్తవే గాని ఈ ప్రశ్న కొత్తది కాదు. ఆ బడికి కొండ అవతల, ఎంతో దూరం లేని పర్లాకిమిడిలో, నూట ముప్పై ఏళ్ళ కిందట ఒక బడిపంతులు సరిగ్గా దీని దగ్గరే ఆగిపోయారు. ఆయన మీదే నేను సిద్ధాంత గ్రంథం రాశాను. రాసి కూడా ఈ సంగతి పట్టించుకోలేదు.

గిడుగు వెంకట రామమూర్తి గురించి మనకు తెలిసిన కథ ఇది. 1863 ఆగస్టు 29న ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోతే విజయనగరం చేరి అక్కడ చదువుకున్నారు, గురజాడ అప్పారావు ఆయన సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి బడిలో పంతులుగా చేరారు. స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర, జనం మాట్లాడే తెలుగుకీ పుస్తకాల తెలుగుకీ ఈ తేడా ఏమిటని అడగడం, ఆ ప్రశ్న పి.టి. శ్రీనివాస అయ్యంగార్ ద్వారా గురజాడకీ గిడుగుకీ చేరడం, అక్కణ్ణుంచి వ్యావహారిక భాషోద్యమం రాజుకోవడం. మరోవైపు 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు, జయంతి రామయ్య పంతులు. స్కూల్ ఫైనల్ పరీక్షలో వాడుక భాషలో రాయవచ్చన్న వెసులుబాటు వచ్చినట్టే వచ్చి వెనక్కి పోవడం. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చిన అసమ్మతి పత్రం, మరుసటి ఏడాదే ఆయన మరణం. 1919లో గిడుగు పెట్టిన 'తెలుగు' పత్రిక. ఇవాళ మనమంతా ఈ భాషలో రాసుకోగలుగుతున్నామంటే ఆ ఋణం చిన్నదేం కాదు. స్త్రీలకు ఇంకా ఎక్కువ. గ్రాంథికమే నిలిచి ఉంటే మన కథల్లో సగం వంటింట్లోనే ఉండిపోయేవి.

అయితే ఈ కథలో కాలక్రమం ఒకటుంది, దాన్ని మనం తిరగేసి చెప్పుకుంటాం. గిడుగు ముందు సవర పిల్లల దగ్గరికి వెళ్ళారు, తర్వాతే తెలుగు దగ్గరికి వచ్చారు. యేట్స్ రాకముందే ఆయన కొండ సవరల భాష నేర్చుకున్నారు. సవర తెలుగుకు చుట్టం కాదు, ముండా కుటుంబపు భాష. దానికి లిపి లేదు. ఆయన తెలుగు అక్షరాల్లోనే సవర వాచకాలు రాశారు, కథలు, పాటలు పోగు చేశారు, సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టారు. ఆ పుస్తకాలకు మద్రాసు ప్రభుత్వం ఇవ్వబోయిన పారితోషికం వద్దని, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమని అడిగారని ఆయన జీవిత చరిత్రల్లో ఉంది. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, మింగిన క్వినైను మూలంగా వినికిడి పోగొట్టుకున్నారు. మాట్లాడే భాష కోసం అంత పోట్లాడిన మనిషికి చెవులు వినిపించేవి కావు. ఈ విషయం చదివిన ప్రతిసారీ నాకు ఏమనుకోవాలో తోచదు. 1931లో సవర భాషా వ్యాకరణాన్ని, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును ప్రభుత్వమే అచ్చువేసింది.

అంటే, పిల్లకు అర్థం కాని పుస్తకం చేతికిచ్చి పిల్లకు చదువు రాలేదనడం అన్యాయమన్న ఎరుక ఆయనకు సవర బడిలో కలిగింది. సవర పిల్లకు తెలుగు వాచకం ఎంత పరాయిదో, తెలుగు పిల్లకు గ్రాంథిక వాచకం కూడా దాదాపు అంతే పరాయిదని అక్కణ్ణుంచి చూశారని నేననుకుంటున్నాను. మనం ఆ రెండో సగాన్ని ఉద్యమం చేసుకుని, గెలిచి, ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం చేసుకున్నాం. మొదటి సగాన్ని 'ఆయన సవరలకు కూడా సేవ చేశారు' అన్న వాక్యానికి కుదించాం. నా సిద్ధాంత గ్రంథంలో దానికి నాలుగు పేజీలు. అవీ 'బహుముఖ ప్రజ్ఞ' అన్న ఉపశీర్షిక కింద.

ఆ నాలుగు పేజీలు మళ్ళీ తీసి చదువుకుంటే నన్ను ఇబ్బంది పెట్టింది ఇంకోటుంది. గిడుగుకు సవర నేర్పినవాళ్ళుగా మన రచనల్లో వచ్చేది మగవాళ్ళే. సవర పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టి చదువు చెప్పారని రాస్తారు. పందొమ్మిదో శతాబ్దం చివర ఒక బ్రాహ్మణ ఇంట్లో సవర పిల్లలకు వండి పెట్టింది ఎవరు? ఆ మడి, ఆ వంటిల్లు, ఇరుగుపొరుగు ఆడవాళ్ళ మాటలు ఎవరు పడ్డారు? 'ఆయన కులాన్ని ధిక్కరించారు' అనడం సులువు. ఆ ధిక్కారాన్ని రోజూ రెండు పూటలా చేతులతో చెయ్యాల్సి వచ్చిన మనిషి ఆ వాక్యంలో లేదు. ఆయన కొడుకు సీతాపతి తండ్రితో పాటు సవర మీద పనిచేసి, తెలుగులో పిల్లల పాటలూ రాసి చరిత్రలో చేరారు. పిల్లల పాట మొదట ఎవరి నోట విని ఉంటారు?

ఇది నింద కాదు. గిడుగును తక్కువ చెయ్యాలని నాకు లేదు. కాని మాతృభాష అనే మాటను మన భాషా చరిత్రలన్నీ జెండాలా ఎగరేస్తాయి, ఆ మాటలో ఉన్న తల్లి మాత్రం ఆధారంగానే కనిపిస్తుంది తప్ప చదువరిగా, రచయిత్రిగా, కనీసం పేరున్న మనిషిగా కనిపించదు. ఆమె నోట్లోంచి భాషను తీసుకుంటాం, పుస్తకం చేస్తాం, ఆ పుస్తకం ఆమెకు చదవడం రాదు. 2011 జనాభా లెక్కల్లో విజయనగరం జిల్లా ఆడవాళ్ళలో చదవను రాయను వచ్చినవాళ్ళు సగం కూడా లేరు, నూటికి 50కి ఒక పిసరు తక్కువ. మగవాళ్ళలో 68. శ్రీకాకుళంలో ఆడవాళ్ళు 52, మగవాళ్ళు సుమారు 72. గురజాడ, గిడుగు నడిచిన నేల ఇది. భాషోద్యమం పుట్టిన వందేళ్ళకు!

మా అమ్మ ఆ రెండో సగంలోది. నాగావళి ఒడ్డున మా ఊళ్ళో రెండో తరగతి దాకా వెళ్ళింది. చెల్లెలు పుడితే ఎత్తుకోవడానికి మానిపించారు. నేను బడిలో చేరిన కొత్తలో ఇంటికొచ్చి పాఠం అప్పజెప్పేదాన్ని. ఒకరోజు 'వాగు' అని చదివితే "వాగేటే?" అని అడిగింది. నాకూ తెలియదు. మర్నాడు బడిలో అడిగితే పంతులుగారు 'చిన్న ఏరు' అన్నారు. వచ్చి చెప్పాను. "ఓలమ్మ, గెడ్డా!" అని నవ్వింది. మా ఇంటి వెనక పారేది అదే. అయిదేళ్ళ నుంచీ దాంట్లో కాళ్ళు కడుక్కుంటున్నాను. దానికి పుస్తకంలో ఉన్న పేరు నాకు తెలియదు, నాకు తెలిసిన పేరు పుస్తకంలో లేదు.

వ్యావహారికం గెలిచింది నిజమే, గురజాడ పోయిన సుమారు అరవై ఏళ్ళకు పాఠ్యపుస్తకాల్లోకి నిండుగా వచ్చింది కూడా. అయితే వచ్చినది కృష్ణా, గోదావరి జిల్లాల చదువుకున్న కుటుంబాల వాడుక. విజయనగరంలో, పర్లాకిమిడిలో మొదలైన పోరాటం గెలిచేసరికి విజయనగరం నోటి మాట 'యాస' అయింది. నేను ఆరో తరగతిలో పట్నం బడికి మారినప్పుడు, పాఠం మధ్యలో లేచి "ఏటండీ?" అన్నందుకు టీచరు నా చేత 'ఏమిటండీ' అని యాభై సార్లు రాయించింది. చేతిరాత బాగుపడింది. ఆ తర్వాత రెండేళ్ళు తరగతిలో ప్రశ్న అడగలేదు. సినిమాల్లో మా భాష పనిమనిషికో హాస్యగాడికో పెడితే నేనూ నవ్వాను. ఇంటికి స్నేహితురాళ్ళు వస్తే అమ్మ మాట్లాడకుండా ఉంటే బాగుండునని కోరుకున్నాను. ఈ వాక్యం రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

మరి ఇప్పుడు కొండల్లో సవర పిల్ల చేతికి ఇచ్చే తెలుగు, నా చేతికిచ్చిన ఆ తెలుగే. రెండు మెట్లు దాటి రావాలి ఆ పిల్ల.

పిల్లల చదువును కొలిచే పరిశోధనలు మన జిల్లాలకు కొత్త కాదు. 'యంగ్ లైవ్స్' అనే అంతర్జాతీయ అధ్యయనం 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు మూడు వేల మంది పిల్లలతో మొదలైంది. శతాబ్ది మొదట్లో పుట్టిన రెండువేల మంది, 1994-95లో పుట్టిన వెయ్యి మంది. ఎంచుకున్న జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. అదే పిల్లల దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళి వాళ్ళ ఆరోగ్యం, ఇంటి పరిస్థితి, చదువు నమోదు చేశారు. నేను ఈ పనికి దణ్ణం పెడతాను. ఒక్కసారి వచ్చి ఫోటో తీసుకుని వెళ్ళే సర్వే కాదది. అందులో పదజాలాన్ని కొలిచే ఒక పరీక్ష ఉంది. పరిశీలకురాలు ఒక మాట అంటుంది, పిల్ల నాలుగు బొమ్మల్లో సరైన దాని మీద వేలు పెట్టాలి. చూడటానికి ఆటలా ఉంటుంది. ఆ మాట ఏ తెలుగులోది అన్నదే నా గొడవ. భాష వేరైతే ఈ మార్కులను పోల్చకూడదని ఆ పరిశోధకులే హెచ్చరించారు, అది వాళ్ళ నిజాయితీ. అయితే 'తెలుగు' అన్న ఒకే గడిలో గెడ్డా వాగూ రెండూ పడతాయి కదా. ఇక తల్లి? ఎన్నేళ్ళు చదివిందన్నది ఒక అంకె. తల్లి చదువు ఎక్కువైతే పిల్లల మార్కులు ఎక్కువ, ఇది ఎక్కడ కొలిచినా తేలేదే. మా అమ్మ అయితే '2' అని పడేది. 'ఓలమ్మ, గెడ్డా!' అన్న ఆ క్షణానికి గడి ఉండదు. నేను చదివిన పాఠాల్లో నాకు నిజంగా అర్థమైన మొదటి పాఠం అదే.

ఆ అధ్యయనంలో ఇంకో సంగతి తేలింది, ఇది మన వాళ్ళు ఇంకా తగినంతగా చర్చించలేదు. 2002లో ఎనిమిదేళ్ళ పిల్లల్లో ప్రైవేటు బడికి వెళ్ళేవాళ్ళు నూటికి 24 మంది. 2009కి ఆ వయసు పిల్లల్లో 44 మంది. ఈ పెరుగుదలలో మగపిల్లల వాటా ఎక్కువ. ప్రైవేటు బడి అంటే మన ఊళ్ళల్లో ఇంగ్లీషు మీడియం అనే అర్థం. అంటే ఒకే ఇంట్లో కొడుకుది ఇంగ్లీషు, కూతురిది తెలుగు.

ఇది చదివినప్పుడు నాకు 'కన్యాశుల్కం' రెండో అంకం కళ్ళముందు నిలిచింది. అగ్నిహోత్రావధాన్లు ఇల్లు. కొడుకు వెంకటేశం ఇంగ్లీషు చదువు ఖర్చు, చిన్నకూతురు సుబ్బి పెళ్ళి బేరం, రెండు వాదాలూ ఆ ఒక్క ఇంట్లోనే. తల్లి వెంకమ్మకు కొడుకు ఇంగ్లీషు మీద ఎంత మోజంటే, గిరీశాన్నీ కొడుకునీ ఒక్కసారి ఇంగ్లీషులో మాట్లాడుకోమని ముచ్చటపడి అడుగుతుంది. వాళ్ళిద్దరూ నోటికొచ్చిన పద్యం ముక్కలూ పాఠం ముక్కలూ దొర్లిస్తారు. ఆవిడ మురిసిపోతుంది. నాటకం చూసిన ప్రతిసారీ జనం అక్కడ పగలబడి నవ్వుతారు. నేనూ చాలా ఏళ్ళు నవ్వాను. సీతంపేట బడి నుంచి వచ్చాక ఆ సన్నివేశం మళ్ళీ చదివితే నవ్వు రాలేదు. గడగడా చదివే మొదటి పిల్ల, వెంకటేశం, ఇద్దరూ ఒకటే చేస్తున్నారు. వినేవాళ్ళకు ఏది కావాలో అది ఇస్తున్నారు. ఇంకా చెప్పాలంటే, అదే వెంకమ్మ సుబ్బిని అమ్మొద్దని మొగుడితో పోట్లాడుతుంది కూడా. చదువు రాని తల్లి ఇద్దరు బిడ్డల గురించీ ఆలోచించింది. ఒకరి విషయంలో మోసపోయింది, ఒకరి విషయంలో ఆమె మాట చెల్లలేదు. గురజాడ ఇదంతా 1892లో విజయనగరం ప్రేక్షకుల ముందు పెట్టారు.

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రభుత్వ బడుల్లో మొదటి తరగతి నుంచీ ఇంగ్లీషు మీడియం అని ఉత్తర్వు ఇచ్చినప్పుడు, మాతృభాష మీద నాలుగు వ్యాసాలు రాసిన మనిషిగా నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. పిల్లలకు ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉన్న పుస్తకాలు అందాయి. ఆ రోజుల్లోనే పలాసలో జీడిపిక్కలు ఒలిచే పనికి వెళ్ళే ఒకామెతో మాట్లాడాను. నల్లబడిన వేళ్ళు కొంగులో దాచుకుంటూ అంది: "కొడుకుని అప్పు సేసి కాన్వెంటుకి అంపినాం అమ్మా. గుంటని గవర్మెంటు బడికి అంపినాం. ఇప్పుడు గుంటకి కూడా ఇంగ్లీసే అంటన్నారు. మంచిదే కదమ్మా? నువ్వు సదూకున్నదానివి, సెప్పు."

నేను చెప్పలేదు. చిన్నతనంలో అర్థంకాని భాషలో చదువు మొదలైతే ఏమవుతుందో నాకు తెలుసు, ఇప్పుడే కొండల్లో చూసి వచ్చాను. అయినా ఆమె అడుగుతున్నది బోధనా మాధ్యమం గురించి కాదు. ఇంట్లో ఇద్దరు పిల్లలకు రెండు రకాల చదువు పెట్టిన తన తప్పు దిద్దుకోవడానికి దారి దొరికిందా అని అడుగుతోంది. మాతృభాషలో చదువు మంచిదన్న మన వాదం ఆమెకు చేరేసరికి 'మీ గుంటకు తెలుగు చాలు' అని వినిపిస్తోంది. ఆ వాదం చేసే మన పిల్లలు ఎక్కడ చదువుతున్నారో ఆమెకు తెలుసు. చాసో కథ 'ఎందుకు పారేస్తాను నాన్నా!' లో బడి మానాల్సి వచ్చిన కుర్రాడి కోసం మనమంతా కన్నీళ్ళు పెట్టుకున్నాం. అలాంటి ఇళ్ళల్లో ఆడపిల్ల ఏ రోజు మానిందో గుర్తుపెట్టుకున్నవాళ్ళు తక్కువ.

మళ్ళీ కొండల దగ్గరికి వస్తాను. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్ళింది. గిడుగు దాన్ని భరించలేక రాజమండ్రి వచ్చేశారు, 1940లో పోయారు. ఈ ఘట్టాన్ని తెలుగువాళ్ళ నష్టంగానే చెప్పుకుంటాం. సవరల కొండ రెండు ముక్కలైంది. అటు పిల్లకు ఒరియా పుస్తకం, ఇటు పిల్లకు తెలుగు పుస్తకం. అదే 1936లో ఒరిస్సా వైపు మంగెయ్ గొమాంగో సొరంగ్ సోంపెంగ్ అనే సొంత లిపిని తెచ్చాడు. బాప్టిస్టు మిషనరీలు రోమన్ అక్షరాల్లో రాశారు. ఒక భాషకు నాలుగు లిపులు! ఇవన్నీ ఇచ్చినవాళ్ళు పంతుళ్ళు, పాస్టర్లు, ప్రవక్తలు.

అక్షరానికి ఈ కొండల్లో ఇంకో మొహం కూడా ఉంది. సావుకారి చిట్టా. ఏం రాశాడో తెలియక వేలిముద్ర వేసి పంట పోగొట్టుకున్న అనుభవం గిరిజనులది. శ్రీకాకుళ గిరిజనోద్యమాన్ని నడిపిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్ళే కావడం నాకు ఎప్పుడూ యాదృచ్ఛికం అనిపించలేదు.

ఆడవాళ్ళ సంగతికి వస్తే, పియర్స్ విటెబ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త 1970ల నుంచి ఒరిస్సా వైపు సవర ఊళ్ళల్లో ఉండి రెండు పెద్ద పుస్తకాలు రాశాడు, ఒకటి 1993లో, ఇంకొకటి 2017లో. చనిపోయినవాళ్ళతో బతికున్నవాళ్ళు గంటల తరబడి మాట్లాడుకునే సంప్రదాయం వాళ్ళది. ఆ మాట నడిపేది ఎక్కువగా స్త్రీలు. పోయిన మనిషి గొంతు వాళ్ళ నోట పలుకుతుంది. వాదిస్తుంది, ఏడుస్తుంది, అప్పులు గుర్తుచేస్తుంది. తర్వాతి తరం బడికి వెళ్ళి, చర్చికి వెళ్ళి, పుస్తకం పట్టుకుంది. ఆ గొంతులు ఒక్కొక్కటీ ఆగిపోయాయి. మాట మీద అంత అధికారం ఉన్న స్త్రీలు బడి లెక్కల్లో 'నిరక్షరాస్యులు' అయ్యారు. నేను పాతది తిరిగి రావాలనడం లేదు. ఆ ఆడవాళ్ళే తమ కూతుళ్ళను బడికి పంపారు. కాని మనం ఏమీ లేని చోటికి చదువు తీసుకెళ్ళామన్న మాట మాత్రం నిజం కాదు.

2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలైంది. భాషకు ముప్పై చొప్పున 240 బడులు. ఇటు సవర, కువి, కొండ భాషలు. అటు గోండి, కొలామి, కోయ. తెలుగు లిపిలోనే వాచకాలు. పిల్ల ఇంటి భాషలో మొదలుపెట్టి మెల్లగా తెలుగులోకి రావాలి. గిడుగు చేసిన పనే, వందేళ్ళ తర్వాత ప్రభుత్వం చేత. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్ వాటాకు ఆరు భాషలు వచ్చాయి. సీతంపేట 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. జిల్లా మారినా ఆ టీచరమ్మ మారలేదు. ఆమె ఉద్యోగం పక్కా కాదు, జీతం పక్కా కాదు. బడి తాళం మాత్రం ఆమె దగ్గరే ఉంటుంది.

ఆ రోజు సాయంత్రం కాగితాలు సర్దుకుంటుంటే ఆమె నా దగ్గరికొచ్చి, "మేడం, ఆ పిల్ల చెప్పిన కథ రాసుకుందామా?" అంది. అరుగు మీద కూర్చున్నాం. పిల్ల మళ్ళీ చెప్పింది, టీచరమ్మ ఒక్కో వాక్యం ఆపి ఆపి పలికింది, నేను తెలుగు అక్షరాల్లో రాశాను. రెండు పేజీలు వచ్చాయి. చీకటి పడే వేళకు ఆ పిల్ల నాయనమ్మ కట్టెల మోపుతో వచ్చింది. మోపు దించి నడుం పట్టుకుని నిలబడితే నేను రాసింది చదివి వినిపించాను. సవరలో మొదటిసారి చదవడం నాకు. ముసలమ్మ మూడో వాక్యం దగ్గర ఆపింది. ఆ మాట మళ్ళీ అనమంది. అన్నాను. తల అడ్డంగా ఊపి తను అంది. గొంతులో ఏదో తటాలున తెగినట్టు, మాట చివర్న చిన్న ఆపు. తెలుగులో దానికి అక్షరం లేదు. గిడుగు వ్యాకరణంలో దానికి గుర్తు ఉంది, నేను చూసిన గుర్తే, ఏ ధ్వనిదో అప్పటిదాకా తెలియదు. టీచరమ్మ నా చేతిలోంచి పెన్ను తీసుకుని ఆ మాట పక్కన చిన్న గీత పెట్టింది. ముసలమ్మ కాగితం మీదికి వంగి ఆ గీతను చూసింది.

మళ్ళీ చదివాను. ఈసారి ఆవిడ అరుగు మీద కూర్చుంది. అయిదో వాక్యం దగ్గర మళ్ళీ ఆపింది.